ఒక్క క్లిక్కు మచ్చ

కంప్యూటరులో మా వదిన ఫొటో తెరిస్తే నా కన్ను కన్నా ముందు నా చెయ్యి పోతుంది. ఎడమ బుగ్గ కింద, దవడ మలుపు దగ్గర ఒక పుట్టుమచ్చ. చెరిపే బ్రష్ సైజు ఇరవై రెండు పెట్టి దాని మీద ఒక్క క్లిక్కు. మచ్చ మాయం. తక్కిన పనంతా ఆ తరవాతే. పదేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు పొద్దున ఒక్క క్లిక్కుకి పోలేదు. మధ్యలో మాత్రం పోయి, చుట్టూ ఒక గోధుమరంగు చార మిగిలింది, బల్ల మీద కప్పు పెట్టి తీసిన చోట మిగిలినట్టు. ఇంకో క్లిక్కు. ఇంకోటి. నాలుగోసారికి గానీ బుగ్గ శుభ్రపడలేదు.

ఫొటో దగ్గర నుంచి తీశానేమో అనుకున్నాను. మా ముందుగదే నా స్టూడియో. కెమెరా స్టాండు మూడు కాళ్ళకీ, కూర్చునే స్టూలుకీ నేల మీద నల్ల టేపు ముక్కలు అంటించి ఉంటాయి. లేచి వెళ్ళి చూశాను. ఎక్కడివి అక్కడే ఉన్నాయి. పదేళ్ళుగా అదే కెమెరా, అదే దూరం. మారింది ఒక్కటే.

వెనక్కి వచ్చి, చేసినవన్నీ రద్దు చేసుకుంటూ పోయి, మచ్చని మళ్ళీ బయటికి తెచ్చాను. నాలుగింతలు పెద్దది చేసి చూశాను. అలా చూడడం అదే మొదటిసారి అని అప్పుడు తట్టింది. చెరిపేసేదాన్ని ఎవరు చూస్తారు? ఒకపక్క నలుపు, ఒకపక్క ఎరుపు కలిసిన గోధుమ. తడి కాగితం మీద సిరా పాకినట్టు అంచు వంకరటింకరగా ఉంది. ఇదివరకు గుండ్రంగా, ఒకే రంగులో, చొక్కా గుండీలా ఉండేదని గుర్తు. గుర్తేనా, అనుకోవడమా? ఫోన్లో వెతికాను. వెతక్కుండా ఉండాల్సింది. రెండో పేజీలో కేన్సరన్న మాట దగ్గర ఫోను బోర్లా పెట్టేశాను.

వదిన అంటే మా ఆయన అక్క. రెండు వీధుల అవతల ఆవిడకి బట్టల మార్పులు చేసే కొట్టు ఉంది. ప్యాంటు పొడుగు తగ్గించాలన్నా, కోటు భుజం దించాలన్నా, ఒళ్ళు పెరిగి గౌను పట్టకపోయినా అందరూ ఆవిడ దగ్గరికే వస్తారు. కొట్టు పెట్టి పాతికేళ్ళవుతున్న సందర్భంగా కొత్త బోర్డు రాయిస్తోంది. దాని మీద తన బొమ్మ ఉండాలి. "ఫొటో వద్దమ్మాయ్. ఫొటో ప్రతివాడూ పెట్టుకుంటాడు. చేత్తో రంగులేసినట్టుండాలి. నీ కంప్యూటరులో వస్తుందటగా!"

వస్తుంది. ముందు మనిషిని వెనకాల ఉన్న గోడ నుంచి విడదీస్తాను. చర్మం నునుపు చేస్తాను. తరవాత స్మడ్జ్ అనే పనిముట్టుతో, తడి రంగుని వేలితో అలికినట్టు, బుగ్గ వంపుని బట్టి, ముక్కు వాలుని బట్టి రంగుల్ని లాగుతూ పోతాను. జుట్టు ఒక్కొక్క పోగూ మళ్ళీ గీస్తాను. చివరికి కళ్ళలో రెండు తెల్ల చుక్కలు పెడితే మనిషికి ప్రాణం వస్తుంది. రెండు రోజుల పని. బోర్డు వాళ్ళకి శుక్రవారం లోపల ఇవ్వాలి. ఆ రోజు మంగళవారం. రోజంతా కూర్చున్నాను గానీ జుట్టు కూడా పూర్తి కాలేదు. చెయ్యి మాటిమాటికీ బుగ్గ దగ్గరికి పోయి ఆగిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వచ్చాడు.

"మీ అక్క మచ్చ పెరిగింది," అన్నాను వడ్డిస్తూ.

"ఫొటోలో పెద్దగా కనపడి ఉంటుందిలే. నా ముక్కు కూడా నువ్వు పెద్దగానే తీస్తావు."

"నేను చిన్నది చేస్తేనే అలా ఉంది మీ ముక్కు."

నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి కంచంలోంచి చెయ్యి తీసి నా మొహంలోకి చూశాడు. తీసుకెళ్ళి కంప్యూటరు ముందు నిలబెట్టాను. వంగి చూస్తూ ఉండిపోయాడు. ఎంగిలి చెయ్యి ఎండిపోయింది.

"చెప్పండి మీ అక్కకి."

"నేనా?" అన్నాడు వెంటనే. "చిన్నప్పుడొకసారి ఆ మచ్చ పేరు పెట్టి పిలిచానని కత్తెర పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమింది. అప్పుడు ఇంట్లో ఉన్నది ఒకటే కత్తెర. ఇప్పుడు తన దగ్గర పదకొండున్నాయి."

"వేళాకోళం కాదండీ."

"వేళాకోళం ఎవరికి! నువ్వే చెప్పు. నువ్వంటే అక్కకి గురి. మచ్చ తీసేదానివి నువ్వేగా."

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. నేను మాత్రం తెర మీద ఫొటో మూసేశాను.

మర్నాడు పొద్దున్నే కొట్టుకి వెళ్ళాను. వదిన మెడలో ఎప్పటిలా పసుపుపచ్చ కొలత టేపు, చెవి వెనక సుద్దముక్క. మూడు రెక్కల అద్దం ముందు ఒక పెద్దమనిషిని నిలబెట్టి కోటుకి గుండుసూదులు గుచ్చుతోంది. కొట్టు చివర అన్నయ్యగారు, అంటే వదిన భర్త, గుండీల కాజాలు కుడుతున్నారు. ఆయనకి నోట్లో నాలుక లేదని వదినే అందరికీ చెబుతుంది.

"నా నడుము పోయినేడు ఎంతో ఇప్పుడూ అంతేనండీ, మీరే బిగించేశారు," అంటున్నాడు పెద్దమనిషి.

"నేననలేదు బాబూ. టేపు అంటోంది," అని వదిన టేపు చివర ఆయన కళ్ళముందు ఆడించింది. ఆయన మెదలకుండా పొట్ట లోపలికి లాక్కున్నాడు. ఆయన వెళ్ళాక నావైపు తిరిగింది. "ఏం మరదలా, అయిందా నా బొమ్మ?"

చెప్పాను. మధ్యలో రెండుసార్లు నీళ్ళు నమిలాను గానీ మొత్తానికి చెప్పాను.

"తీసెయ్యమని కదా నేను చెప్పింది. తీసేసేదానికి సైజెందుకు?"

"ఒక్కసారి చర్మం డాక్టరుకి చూపిద్దాం వదినా. నా మనసు నిలవడం లేదు."

"బొమ్మ ఆలస్యమైందని చెప్పొచ్చుగా! దానికింత కథ అల్లాలా?" సుద్దముక్క చెవి వెనక నుంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకుంది. "పుట్టినప్పటి నుంచీ ఉంది. పుట్టుమచ్చకి డాక్టరేమిటే?"

"డాక్టరుకి చూపిస్తేనే బొమ్మ. లేకపోతే లేదు."

నా నోటి నుంచి అలాంటి మాట వస్తుందని నేనూ అనుకోలేదు. కాజా మిషను ఆగింది. వదిన నన్ను పైనుంచి కిందకి చూసింది, గుడ్డ ఎన్ని గజాలుందో అంచనా వేసినట్టు.

"బెదిరిస్తున్నావన్నమాట. సరే పద. డాక్టరు నవ్విపోతే మాత్రం ఆ నవ్వు కూడా నీ ఖాతాలోనే."

డాక్టరు నవ్వలేదు. చిన్నపిల్లలా ఉంది, మా అమ్మాయి వయసు ఉంటుందేమో. చివర దీపం ఉన్న భూతద్దం బుగ్గకి ఆనించి ఇటు నుంచీ అటు నుంచీ చూసింది.

"ఈమధ్య ఏమైనా మారిందాండీ ఇది?"

"ఏం మారలేదు. ఎంతుండేదో అంతే ఉంది," అంది వదిన.

"పెరిగిందండీ," అన్నాను నేను.

"ఈవిడ మాట పట్టించుకోకండి. ఫొటోలు దిద్దే మనిషి. ఉన్నది తీసేస్తుంది, లేనిది పెడుతుంది."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తీసేసి పరీక్షకి పంపడం మంచిదని చెప్పింది. చిన్న పనేనట. మత్తు సూది వేసి, నాలుగైదు కుట్లు.

"కుట్లా? మొహం మీదా? ఇంకో పది రోజుల్లో బోర్డు పెడుతున్నానమ్మా. నలుగురూ వస్తారు. అదయ్యాక, రెణ్ణెల్లు పోయాక చూద్దాం."

"మారకుండా ఉన్నదైతే కాస్త ఆగినా ఫరవాలేదేమో గానీ, పెరుగుతున్నదైతే రెండు వారాలు కూడా ఆగకూడదండీ," అంది డాక్టరు. తరవాత నాకేసి తిరిగింది. "పాత ఫొటో ఏదైనా ఉందా? రెండేళ్ళ కిందటిదైనా సరే. పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది."

వదిన మొహం వెలిగింది. "అడగండి. ఈవిడ దగ్గర నా ఫొటోలు వందున్నాయి. ఏదీ, ఏ ఫొటోలో ఉందో చూపించవే!"

ఆ వందలోనూ మచ్చ నేనే చెరిపేశాను.

ఆ మధ్యాహ్నమంతా ఇల్లు తిరగేశాను. అసలు ఫొటోలు ఉంచుకుంటే డిస్కు నిండిపోతుందని, దిద్దినది దాచి అసలుది తీసెయ్యడం నాకు మొదటి నుంచీ అలవాటు. పైగా వదినది ప్రత్యేకంగా ఆజ్ఞ. 'మచ్చ ఉన్నది ఒక్కటి కూడా మిగలకూడదు.' వదిన కార్డులు పది బయటికి తీశాను. ఆవిడ ఏడాదికొకటి కొట్టు పేరుతో వేయించి ఖాతాదారులకి పంచేవి. పదింటిలోనూ బుగ్గ నున్నగా ఉంది. మా ఆయన్ని ఫోన్లో అడిగితే, తన ఫోనులో ఉన్నవన్నీ నేను బాగుచేసి పంపినవేనన్నాడు. అంతకు ముందువి కాగితం ఫొటోలు. పెళ్ళి ఫొటోల్లో వదిన ఒక్కదాంట్లోనూ ఎదురుగా చూడదు, కుడి బుగ్గ ఇటు పెట్టి అన్నయ్యగారి భుజం కేసి చూస్తుంటుంది. బళ్ళో పిల్లలందరూ కలిసి తీయించుకున్న ఫొటోలో మూడో వరసలో ఒక పిల్ల బుగ్గ మీద తెల్లటి గీతలు. సూదితో గీకేసింది. ఆ పిల్లే పెద్దయ్యాక పదేళ్ళ కిందట నేను తీసిన మొదటి ఫొటో చూసుకుని, "నువ్వొచ్చాక గానీ నేను కెమెరాకేసి తిన్నగా చూడలేదే," అంది. ఆ రోజు ఎంత పొంగిపోయానో.

నేల మీద ఆ ఫొటోల మధ్య కూర్చున్నాను. ఒక మనిషి బుగ్గని నేనూ ఆవిడా కలిసి ఇంత శుభ్రంగా చెరిపేశాం. ఇప్పుడు నిజం చెప్పడానికి ఒక్క చుక్క కూడా మిగల్లేదు. లోపల ఏం జరుగుతోందో, ఎంతదాకా పోయిందో. రెణ్ణెల్లట!

ఫొటోలు సర్ది సొరుగులో పెడుతుంటే అట్ట ఊడిన నోటుపుస్తకం చేతికి తగిలింది.

నాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన అలవాటు అది. మళ్ళీ మళ్ళీ వచ్చే మనుషులకి ఒక్కొక్కరికి ఒక పేజీ. స్టూలు ఎంత ఎత్తు, దీపం ఎంత దూరం, దిద్దేటప్పుడు ఏ సైజు వాడాం. మరుసటిసారి వెతుక్కోకుండా. వదిన పేజీ తీశాను. ప్రతి ఏటికీ ఒక వరస, అన్నీ నా చేతిరాతే.

మచ్చ – 22, ఒక క్లిక్. ఏడు వరసల దాకా అదే. ఎనిమిదో ఏడు: 22, అంచు మళ్ళీ. తొమ్మిదో ఏడు: 24. పదో ఏడు, అంటే నిరుడు: 30, రెండు క్లిక్కులు.

రాసింది నేనే. ముప్పై అని నా చేత్తో రాసి, పుస్తకం మూసి, వంటగదిలోకి వెళ్ళి ఉంటాను.

ఈ అంకెలు వదినకి చూపిస్తే? 'బ్రష్షుట, ఇరవై రెండుట' అని కొట్టిపారేస్తుంది. ఆవిడకి అర్థమయ్యే కొలత కావాలి. పాత కార్డు తాలూకు ఫొటో తెర మీద తెరిచాను. నున్నటి బుగ్గ, కింద మెడ, మెడలో వేలాడుతూ పసుపుపచ్చ టేపు. ప్రతి ఫొటోలోనూ ఉంది టేపు. ఎన్నిసార్లు తీసేయమన్నా, 'అది లేకపోతే నేనెవరో ఎవరికి తెలుస్తుందే' అనేది.

బ్రష్ సైజు ఇరవై రెండు పెట్టాను. తెర మీద చిన్న గుండ్రం వచ్చింది. దాన్ని బుగ్గ మీదికి కాకుండా కిందికి లాక్కొచ్చి టేపు మీద పెట్టాను. నాలుగు మిల్లీమీటర్ల గీతలు కప్పింది. నిరుటి ఫొటో తెరిచి ముప్పై పెట్టాను. ఐదున్నర. కొత్త ఫొటోలో మచ్చ మొత్తం పట్టేదాకా గుండ్రాన్ని పెంచుకుంటూ పోతే నలభై దగ్గర ఆగింది. దాన్ని టేపు మీదికి తెచ్చాను. ఏడు గీతలు దాటింది.

నా కంప్యూటరు ల్యాప్‌టాపే; మూసి చంకన పెట్టుకుని, పుస్తకం సంచిలో వేసుకుని కొట్టుకి దాదాపు పరుగెత్తాను.

"మళ్ళీ వచ్చావా? బొమ్మా, బెదిరింపా?"

"కొలత," అన్నాను.

కత్తిరింపుల బల్ల మీద గుడ్డ పక్కకి జరిపి కంప్యూటరు పెట్టాను. మూడు ఫొటోలు వరసగా. పుస్తకంలో అంకె చూపించి, గుండ్రాన్ని టేపు మీద పెట్టి చూపించాను. వదిన మొదట చేతులు కట్టుకుని చూసింది. రెండో ఫొటో దగ్గర చేతులు విప్పింది. మూడో దాని దగ్గర వంగి, వేలితో తెర మీద గీతలు లెక్కపెట్టింది.

"ఇందులో నువ్వేమీ దిద్దలేదుగా?"

"టేపుని ఎప్పుడూ దిద్దలేదు వదినా."

మెడలోంచి టేపు తీసింది. మూడు రెక్కల అద్దం దగ్గరికి వెళ్ళి, పాతికేళ్ళుగా ఇంకొకళ్ళని నిలబెట్టే చోట తను నిలబడి, టేపుని బుగ్గకి ఆనించుకుంది. అద్దంలో అంకెలు తిరగబడ్డాయి. "ఏవండీ, చదవండి," అంది.

అన్నయ్యగారు మిషను దగ్గర నుంచి లేచి వచ్చారు. కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏడు," అన్నారు. మళ్ళీ చూసి, "ఏడూ, ఇంకాస్త."

"సరిగ్గా చూడండి."

"చూశానే." ఆయన కళ్ళజోడు తీసి పట్టుకున్నారు. "రోజూ ఈ మొహమే చూస్తున్నాను. నాకెందుకు కనపడలేదు?"

వదిన టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "నిరుడు ముప్పై అని రాసింది ఎవరు?"

"నేనే."

ఆవిడ నాకేసి చూసిన చూపుకి నేను తలదించుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యి," అంది చివరికి. "రేపు పొద్దున ఖాళీ ఉందేమో కనుక్కో. ఏవండీ, ఆ కోటు ఆయనకి శనివారమని చెప్పండి."

మర్నాడు నేనూ వెళ్ళాను. గది బయట ఇరవై నిమిషాలు. వదిన టేపు నా చేతికిచ్చి వెళ్ళింది, దాన్ని చుట్టడమూ విప్పడమూ తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. బుగ్గ మీద తెల్ల పట్టీతో బయటికొచ్చి, నా చెవి దగ్గర వంగి, "కుట్టు ఎంత ఎడం ఎడంగా వేసిందో చూడాల్సింది! నా దగ్గరైతే ఆ అమ్మాయికి రెండ్రోజుల్లో పని పోయేది," అంది. మెట్లు దిగేటప్పుడు మాత్రం నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

పరీక్ష ఫలితానికి పదిరోజులన్నారు. బోర్డు ఆపించింది. ఆ పదిరోజులూ నేను ఎవరి ఫొటో తెరిచినా ముందు మొహమంతా వెతికేదాన్ని. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన ఒకాయన్ని చెవి కింద ఉన్నది ఎప్పటి నుంచి ఉందని అడిగితే, పొద్దున గడ్డం గీసుకుంటే తెగిందన్నాడు. మా ఆయన వీపు రెండుసార్లు చూశాను. "ఇంతకు ముందెప్పుడూ ఇంత శ్రద్ధగా చూడలేదు నన్ను," అన్నాడు గానీ, చూడనిచ్చాడు.

పదకొండో రోజు డాక్టరు పిలిచింది. అది చెడ్డదే. ఆ మాట చెప్పి, మమ్మల్ని ఊపిరి తీసుకోనిచ్చి, తక్కినది చెప్పింది. పైపొరలోనే ఉందట, లోతుకి దిగలేదట. చుట్టూ ఇంకో సెంటీమీటరు చర్మం తీసెయ్యాలి. ఆ తరవాత మూడు నెలలకొకసారి ఒళ్ళంతా చూపించుకుంటూ ఉండాలి. ఇంకో ఏడాది ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదంది.

"చుట్టూ సెంటీమీటరా?" అంది వదిన, నెమ్మదిగా. "మేమూ గుడ్డ అంతే వదులుతాం, కుట్టులోకి." అన్నయ్యగారు ఆవిడ సంచి రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

దారిలో అంది. "నిరుడే నువ్వు చూసి చెప్పి ఉంటే నేను వచ్చేదాన్నంటావా?"

ఈసారి ఆవిడ మోచెయ్యి నేను పట్టుకున్నాను.

రెండో కోత ముందు రోజు వదిన మా ముందుగదికి వచ్చింది. ఒంటి మీద ఉన్న ప్రతి మచ్చకీ ఫొటో తీసి తెమ్మన్నదట డాక్టరు, పక్కన కొలత పెట్టి. మూడు నెలల తరవాత వాటితో పోల్చి చూస్తుందట. తలుపు గడియ పెట్టాను. వదిన స్టూలు మీద నాకు వీపు పెట్టి, రవిక విప్పుకుని కూర్చుంది. యాభై రెండేళ్ళ వీపు. ఎవరూ చూడనిది, ఏ కార్డు మీదా వెయ్యనిది.

"ఎన్నున్నాయే?"

"పదకొండు."

"సరిగ్గా లెక్కపెట్టు."

"పదకొండే వదినా. మీ కత్తెరలన్ని."

నవ్వబోయి ఆగింది. వీపు కొంచెం కదిలింది. టేపు వెనక్కి అందించింది. దాన్ని ఒక్కొక్క మచ్చ పక్కనా ఆనించి, దీపం సర్ది, ఒక్కొక్కటే తీశాను. నా వేళ్ళు చల్లగా ఉన్నాయని రెండుసార్లు విసుక్కుంది. ఐదోది మిగతావాటికన్నా కాస్త నల్లగా అనిపించి, దాన్ని మూడుసార్లు తీశాను. ఆవిడ లెక్కపెడుతూనే ఉంది.

"ఐదోది మూడుసార్లు తీశావు. ఎందుకు?"

"చెయ్యి కదిలింది."

"నిజం చెప్పు."

"కొంచెం నల్లగా ఉంది. డాక్టరుకి ముందు అదే చూపిద్దాం."

"ఊఁ," అంది. "రాసుకో."

నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి పదకొండు వరసలు రాశాను. కంప్యూటరులో ఫొటోలు తెరిస్తే చెయ్యి తనంతట తనే బ్రష్ కోసం వెళ్ళింది. వెనక్కి తీసుకున్నాను. దేన్నీ ముట్టుకోకుండా, తేదీ వేసి, ఉన్నవి ఉన్నట్టే దాచాను. వదిన బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి నా భుజం మీంచి తెరకేసి చూసింది. ఐదోది పెద్దది చెయ్యమంది. చేశాను. టేపు గీతలు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం.